ఆకేరు ఒడ్డు నుంచి వీరన్న గుడి దాకా

హైదరాబాద్ నుంచి నర్సింహులపేటకు పోవాలంటే ఉప్పల్‌లో తొర్రూరు బస్సెక్కడం తేలిక. జనగామ దాటాక నేల రంగు మారుతుంది. ఎర్ర చెల్కలు, మధ్యమధ్య నల్లరేగడి తునకలు, వాటి వెనక బండరాళ్ల గుట్టలు. గుట్ట కింద చెరువు, చెరువు కింద వరి. కార్తీకం కావడంతో కోతలు మొదలయ్యాయి. రోడ్డు మీద సగం మేర వడ్లు ఆరబోసి ఉన్నాయి. బస్సు మిగిలిన సగంలో మెల్లగా పోతోంది. పత్తి చేలు తెల్లగా విచ్చుకున్నాయి. ఏరడానికి పోయే ఆడవాళ్లు సద్ది గిన్నెలు ఒళ్లో పెట్టుకుని, ఆటోల్లో కిక్కిరిసి ఎదురొస్తున్నారు.

తొర్రూరులో దిగి ఆటో పట్టుకుంటే నర్సింహులపేట. 2016 అక్టోబరులో జిల్లాలు విడదీసినప్పుడు ఈ మండలం వరంగల్ నుంచి మహబూబాబాద్‌కు వచ్చింది. జనం నోట మహబూబాబాద్ ఇప్పటికీ మానుకోటే. ఊళ్లో నా మేనత్త ఉంది. నేను చుట్టపుచూపుగా పోలేదు. మనసు బాగుచేసుకోవడానికి పోయాను.

నాన్న పోయి ఏడాది కావస్తోంది. ఈ ప్రాంతపు ఆచారం ప్రకారం అస్థికలు కాళేశ్వరం తీసుకుపోయి, గోదావరి, ప్రాణహిత కలిసే చోట నీళ్లలో కలిపాం. కర్మకాండ అంతా సక్రమంగా జరిగింది. ఆ తర్వాతే అసలు ఇబ్బంది మొదలైంది. రాత్రి రెండింటికి మెలకువ వస్తే తెల్లారేదాకా కళ్లు మూతపడేవి కావు. ఆఫీసులో ఎదురుగా ఉన్న మనిషి మాట్లాడుతుంటే పెదవులు కదలడం కనిపించేది, మాట చెవిన పడేది కాదు. తిండి మీద కోరిక పోయింది. డాక్టరును కలిశాను. ఆవిడ మందు రాసి, కొన్నాళ్లు చోటు మార్చమని, మనుషుల మధ్య ఉండమని చెప్పారు.

చోటు మార్చాలంటే ఇప్పుడు దారులు చాలానే ఉన్నాయి. హైదరాబాద్‌లో నాగార్జునసాగర్ రోడ్డు మీద 1976లో మొదలైన ధమ్మఖేత్త ఉంది. ఎస్.ఎన్.గోయెంకా బోధించిన విపశ్యనకు మన దేశంలో తొలి కేంద్రాల్లో అదొకటి. 10 రోజులు మౌనం, తెల్లవారుజామున 4 గంటలకు గంట మోగడం, రోజంతా ధ్యానం. రుసుము ఉండదు. కోర్సు పూర్తి చేసినవాళ్లు ఇచ్చే దానంతోనే నడుస్తుంది. రంగారెడ్డి జిల్లాలో కన్హా శాంతి వనం ఉంది. కడ్తాల్ దగ్గర పెద్ద పిరమిడ్ ధ్యాన కేంద్రం ఉంది. ఇవన్నీ వేలమందికి మేలు చేశాయి. స్నేహితులు వాటి పేర్లే చెప్పారు. కానీ నాకు ఆ సమయంలో మౌనం కొత్తగా అక్కర్లేదు. ఇంట్లో కావలసినంత ఉంది. అదే సంగతి ఫోన్‌లో చెబితే అత్తమ్మ ఒక్కటే అంది: "ఈడికి రా బిడ్డా. పొద్దుగాల లేచేతందుకు పని ఉంటది, రాత్రి పండేతందుకు అలుపుంటది. సోమారం పాలకుర్తి గుట్ట ఎక్కుదాం. ఎనుక కురవి వీరన్న కాడ నిద్ర చేద్దాం."

గుడి దగ్గర నిద్ర చేయడం తెలంగాణ పల్లెల్లో తాతల నాటి అలవాటు. ఒంట్లో బాగాలేకపోయినా, మనసు చెదిరినా, ఇంట్లో చావు జరిగినా, పిల్లలు పుట్టకపోయినా మొక్కుకుని గుడికి పోతారు. ఒక రాత్రో, కొన్ని రాత్రులో అక్కడే పడుకుంటారు. యాదగిరిగుట్ట నరసింహస్వామిని వైద్య నరసింహుడని కొలుస్తారు. అక్కడ మండలం పాటు ఉండి, రోజూ స్నానం చేసి, ప్రదక్షిణలు చేసి, దీక్ష పూర్తయ్యాక ఇంటికి పోయినవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. వరంగల్ జిల్లా పర్వతగిరి మండలంలో అన్నారం దర్గా ఉంది. యాకూబ్ బాబా దగ్గరికి ముస్లింలు ఎంతమంది వస్తారో హిందువులూ అంతే భక్తితో వస్తారు. మొక్కు తీరితే మేకను కోసి కందూరు చేసి బంధువులను పిలిచి పెడతారు. మా అత్తమ్మ ఇంట్లోనే అన్నారం కందూరూ జరిగింది, వీరన్న మొక్కూ జరిగింది. ఆమె దృష్టిలో రెంటికీ తేడా లేదు. బాధ ఉన్న చోటికి దేవుడు ఏ పేరుతో వచ్చినా ఆమెకు సమ్మతమే.

అత్తమ్మ ఇల్లు మొదటి రోజు నుంచే ఆశ్రమంలా నడిచింది, నియమాలు మాత్రం ఎక్కడా రాసి లేవు. నా ఫోను తీసి సందూకలో పెట్టింది. చీకటితో లేపి చీపురు చేతికిచ్చింది. వాకిలి ఊడ్చి సాన్పి చల్లి ముగ్గు వేయాలి. బోరు దగ్గర స్నానం. తులసికి నీళ్లు, దీపం. తర్వాత జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం. ఎండ ముదరకముందే చేనుకు. పత్తి ఏరడం చూడటానికి తేలికగా ఉంటుంది. నడుము వంచి ఒక్కో కాయలోంచి దూదిని, ఆకు అంటకుండా లాగి ఒడిలో వేసుకోవాలి. ఎండిన కాయ అంచులు వేళ్లను గీరుతాయి. సాలు మొదటి నుంచి చివరికి పోయేసరికి ఆలోచన అంటూ ఒకటి మిగలదు. నా పక్క సాలులో ఉన్న తండా ఆడవాళ్లు లంబాడీ భాషలో మాట్లాడుకుంటూ నన్ను దాటిపోయి, మళ్లీ వెనక్కి వచ్చి నా సాలులో కొంత ఏరిపెట్టేవాళ్లు. నా గురించి ఏమీ అడగలేదు. నేను తండ్రిని పోగొట్టుకుని వచ్చానని వాళ్లకు ముందే తెలుసు. ఊళ్లో ఇలాంటివి చెప్పకుండానే తెలుస్తాయి.

సాయంత్రాలు ఆకేరు వైపు నడిచేవాళ్లం. వరంగల్ వైపు నుంచి వచ్చే ఈ వాగు ఈ మండలం పక్కగా దిగి, ఖమ్మం జిల్లాలో తీర్థాల దగ్గర మున్నేరులో కలుస్తుంది. మున్నేరు కృష్ణలో కలుస్తుంది. కార్తీకంలో ఆకేరు సన్నని పాయలై ఇసుక మధ్య నెమ్మదిగా పారుతుంది. చూస్తే ఇది ఊళ్లు ముంచే వాగని ఎవరూ అనుకోరు. 2024 సెప్టెంబరు 1న కురిసిన వానకు ఇదే ఆకేరు ఉప్పొంగి పక్కనున్న మరిపెడ మండలంలో సీతారాం తండాను ముంచేసింది. కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింది కట్ట కొట్టుకుపోయి హైదరాబాద్, విజయవాడల మధ్య రైళ్లు ఆగిపోయాయి. ఆ రాత్రి ఇళ్లెక్కి ప్రాణం కాపాడుకున్న మనుషులు ఇప్పుడు ఇదే వాగు ఒడ్డున వరి కోస్తున్నారు. నీళ్లు తీసిన తర్వాత బియ్యం, దుప్పట్లు, నష్టపరిహారం గురించి అందరూ మాట్లాడారు. ఆ రాత్రి భయం ఇంకా కళ్లలో ఉన్నవాళ్ల గురించి మాట్లాడినవాళ్లు తక్కువ. మనసుకు తగిలిన దెబ్బ పట్నంలో ఆఫీసుకు పోయేవాళ్లకే ఉంటుందని, దానికి సెలవు, చికిత్స వాళ్లకే కావాలని అనుకోవడం ఎంత తప్పో ఆ ఒడ్డున నిలబడితే తెలుస్తుంది.

సోమవారం తెల్లవారకముందే తొర్రూరు వచ్చి పాలకుర్తి బస్సెక్కాం. పాలకుర్తి ఇప్పుడు జనగామ జిల్లాలో ఉంది. ఊరికి ఆనుకునే గుట్ట, గుట్ట మీద రెండు గుహలు. ఒకదాంట్లో సోమేశ్వరుడు, ఇంకోదాంట్లో లక్ష్మీనరసింహుడు. శివుణ్ణీ నరసింహుణ్ణీ ఒకే గుట్ట మీద, ఒకే మెట్ల దారిలో కొలిచే చోటు ఇది. కార్తీక సోమవారం కాబట్టి మెట్ల మీద అడుగు పెట్టే సందు లేదు. ఉసిరికాయ దీపాలు, ఆవు నెయ్యి వాసన, తడిబట్టల్లో పైకెక్కుతున్న ఆడవాళ్లు.

గుట్ట చుట్టూ తిరిగే దారిలో ఒక చోట రెండు పెద్ద బండల మధ్య సన్నని చీలిక ఉంది. మనిషి ఒక్కరే పట్టేంత సందు. దాని వెనక ఒక కథ చెబుతారు. ఒక ముసలమ్మ రోజూ ఈ గుట్ట చుట్టూ ప్రదక్షిణ చేసేదట. వయసు మీదపడి నడవలేకపోతుంటే, అంత దూరం తిరిగే కష్టం లేకుండా శివుడు గుట్టనే చీల్చి దారి ఇచ్చాడట. నేను ఆ చీలికలో నడుస్తుంటే నా ముందు ఒక పెద్దామె గోడ పట్టుకుని మెల్లగా పోతోంది. వెనక ఉన్నవాళ్లెవరూ తొందరపెట్టలేదు. ఆమె ఆగినప్పుడల్లా వరుస మొత్తం ఆగింది. కథలో దేవుడు ముసలమ్మకు ఇచ్చిన దారిని, ఈ రోజు జనం ఈ పెద్దామెకు ఇస్తున్నారు. ఇన్ని నెలల్లో మొదటిసారి నాకు గొంతు పూడుకుని ఏడుపొచ్చింది. ఆ ఏడుపు బాధగా లేదు. పక్కనున్న అమ్మాయి అడగకుండానే నీళ్ల సీసా అందించింది.

పాలకుర్తి అంటే పాల్కురికి సోమనాథుడి ఊరని ఇక్కడివాళ్ల గర్వం. సంస్కృత పురాణాలను కాదని, జనం నోట ఉన్న ద్విపదలో బసవపురాణం రాసిన కవి ఆయన. అందులో బెజ్జ మహాదేవి కథ ఉంది. ఆమెకు ఒక దిగులు పట్టుకుంటుంది. అందరికీ తల్లి ఉంది, శివుడికి తల్లి లేదు కదా, ఉంటే ఆయన ఒంటికి బూడిద పూసుకుని తిరగనిచ్చేదా అని. తానే తల్లి అయి శివుణ్ణి పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని నలుగు పెట్టి, తానం పోసి, పాలు పట్టి సాకుతుంది. దేవుడికే ఒక లోటు ఉందని అనుకుని, ఆ లోటు తీర్చే పని తన నెత్తిన వేసుకున్న ఆ స్త్రీ కథ ఆ రోజు నాకు వేరేగా అర్థమైంది. నాన్న పోయాక నేను ఎవరికీ ఏమీ చేయడం లేదు. అందరూ నాకు చేస్తున్నారు. మందు గుర్తుచేసేది ఒకరు, తిన్నావా అని అడిగేది ఒకరు. నాన్న చివరి నెలల్లో నా చేతులకు ఎప్పుడూ పని ఉండేది. ఆయన పోవడంతో ఆ చేతులు ఖాళీ అయ్యాయి. పోయిన మనిషితో పాటు ఆ మనిషికి చేసే సేవ కూడా పోతుంది. దుఃఖంలో సగం ఆ ఖాళీదే. గుట్ట దిగేటప్పుడు అత్తమ్మ మోకాళ్లు పట్టేస్తే చెయ్యి పట్టుకుని మెట్టు మెట్టూ దింపింది నేనే.

ఇదే పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తాను సాగు చేసిన భూమి కోసం దొర మీద నిలబడింది. ఊరి నుంచి కొద్ది దూరంలో బమ్మెర. ఆటోలో పోయాం. భాగవతం రాసిన పోతన ఊరు. రాజుకు అంకితమివ్వనని చెప్పి, నాగలి పట్టి బతికిన కవిగా ఈ నేల ఆయన్ను గుర్తుపెట్టుకుంది. ఆయన సమాధి దగ్గర కాసేపు కూర్చున్నాం. చుట్టూ పొలాలే. ఇక్కడి ఇళ్లలో చదువు రానివాళ్లకు కూడా గజేంద్రమోక్షం పద్యాలు నోటికి వస్తాయి. ఆపద వచ్చినప్పుడు చదువుకోమని పెద్దలు చెబుతారు. ఏనుగు తన బలమంతా పెట్టి మొసలితో ఏళ్ల తరబడి పోరాడుతుంది. ఇక నా వల్ల కాదని తెలిసిన తర్వాతే పిలుస్తుంది. అంతవరకూ దేవుడు రాడు. పని, కర్తవ్యం, ధైర్యం అంటూ నేనూ నెలల తరబడి ఒంటరిగా లాగుతూనే ఉన్నాను. నా వల్ల కావడం లేదని పైకి చెప్పడమే కోలుకోవడానికి మొదటి మెట్టని పోతన ఎప్పుడో చెప్పి పెట్టాడు. ఐలమ్మ ధైర్యం, గజేంద్రుడి మొర పక్కపక్క ఊళ్లలోనే దొరకడం ఈ ప్రాంతం గొప్పతనం. ఎప్పుడు నిలబడాలో, ఎప్పుడు చేయి చాచాలో రెండూ మనిషికి తెలియాలి.

అక్కడి నుంచి నిద్ర చేయడానికి కురవికి దంతాలపల్లి, మరిపెడ మీదుగా వెళ్లాం. మానుకోటకు దగ్గర్లో ఉన్న ఊరు. ఇక్కడి వీరభద్రస్వామికి కోరమీసాలు. భద్రకాళితో కలిసి ఉంటాడు. జనం వీరన్న అంటారు. గుడి పాతది, ఊరు ఇంకా పాతది. కురవిలో దొరికిన ముదిగొండ చాళుక్యుల నాటి శాసనాన్ని తెలంగాణలో తెలుగు వచనంలో దొరికిన తొలి శాసనాల్లో ఒకటిగా చరిత్రకారులు లెక్కిస్తారు. అంటే ఇక్కడి మనుషులు వెయ్యేళ్ల కిందే తమ మాటను రాతి మీద తెలుగులో రాయించుకున్నారు. శివరాత్రికి ఇక్కడ పెద్ద జాతర. 2017 శివరాత్రి రోజున అప్పటి ముఖ్యమంత్రి కె.చంద్రశేఖర్ రావు తెలంగాణ మొక్కుగా స్వామికి బంగారు మీసాలు సమర్పించారు. ముఖ్యమంత్రి మొక్కయినా, మా అత్తమ్మ మొక్కయినా తీర్చుకునే పద్ధతి ఒక్కటే. చేతులు జోడించి, చెప్పినట్టే చేశానని స్వామికి ఒప్పజెప్పడం.

నిద్ర చేసేవాళ్ల దినచర్య చాలా సాదా. సాయంత్రం స్నానం చేసి తడిబట్టలతో ప్రదక్షిణలు. దర్శనం. ఇంటి నుంచి తెచ్చుకున్న సద్ది. చాప పరుచుకుని పడుకోవడం. తెల్లవారుజామున లేచి మళ్లీ స్నానం, ప్రదక్షిణ. మధ్యలో చేయాల్సినవి ఏమీ ఉండవు. ఎవరూ ఉపన్యాసం ఇవ్వరు. ఎవరూ ధ్యానం నేర్పరు. మరి ఏం జరుగుతుంది? మాటలు జరుగుతాయి. చీకటి పడ్డాక పక్క చాప మీది మనిషి "ఏ ఊరు? ఎందుకొచ్చిండ్రు?" అని అడుగుతుంది. ఇక్కడ ఆ ప్రశ్నకు సిగ్గుపడాల్సిన పని లేదు. వచ్చిన ప్రతి ఒక్కరికీ ఒక కారణం ఉంది. ఒకామె భర్త పురుగుల మందు తాగి పోయాడు. ఒకామె కోడలికి మూడుసార్లు కడుపు నిలవలేదు. ఆకేరు ఒడ్డు ఊరి నుంచి వచ్చిన ఒక తాత వాన చప్పుడు వింటే నిద్ర పట్టదని చెప్పాడు. నా వంతు వచ్చినప్పుడు నేనూ చెప్పాను. అందరూ విని, "అయ్యో బిడ్డా" అని, తర్వాత తమ నాన్నల గురించి చెప్పారు. ఒక్కరు కూడా ఓదార్పు మాటలతో నా మాట మధ్యలో ఆపలేదు.

ఆ రాత్రి మా పక్కన ఒక తల్లీ కొడుకూ ఉన్నారు. ఇరవై ఏళ్ల కుర్రవాడు. నెలలుగా ఎవరితోనూ మాట్లాడడం లేదట. తనలో తాను గొణుక్కుంటున్నాడు. అత్తమ్మ వాళ్లతో సద్ది పంచుకుని మెల్లగా అడిగింది: "దవాఖానల సూపిచ్చిండ్రా?"

"సూపిచ్చినం. గోలీలు రాసిండ్రు. దేవుని కాడికి వచ్చినంక గోలీలు ఎందుకని ఆపినం పెద్దమ్మా."

అత్తమ్మ గొంతు పెంచకుండానే గట్టిగా చెప్పింది: "గోలీలు ఆపుమని వీరన్న ఎన్నడు చెప్పిండు? డాక్టరు ఇచ్చిన గోలి ఆయన ముంగట్నే ఏసుకోవాలె. బువ్వ తినుడు ఆపినవా? గోలి గూడ గంతే." ఆ తల్లి సంచిలోంచి మందు చీటీ తీసి నాకిచ్చింది. ఏది ఎప్పుడు వేయాలో చదివి చెప్పాను. పొద్దున్నే మానుకోట పెద్దాసుపత్రికి పోయి, మధ్యలో ఆపిన సంగతి డాక్టరుకు దాచకుండా చెప్పమన్నాం. ఆమె సరేనంది.

ఆ ఒక్క సంభాషణ కోసమైనా ఈ యాత్ర గురించి రాయాలి. గుడిలో నిద్ర చేయడం వల్ల మనసు కుదుటపడుతుందా అంటే నా అనుభవంలో పడింది. దీని మీద పరిశోధన కూడా ఉంది. తమిళనాడులో ముత్తుస్వామి గుడి దగ్గర ఉండిపోయిన 31 మంది మానసిక రోగులను బెంగళూరు నిమ్హాన్స్‌కు చెందిన వైద్యులు పరిశీలించి 2002లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. వాళ్లు అక్కడ సగటున ఆరు వారాలున్నారు. ఊడ్వడం, మొక్కలకు నీళ్లు పోయడం లాంటి చిన్న పనులు చేశారు. ఇంటివాళ్లు తోడున్నారు. ఎవరూ వెలివేయలేదు. లక్షణాల తీవ్రతను కొలిచే అంకెల్లో దాదాపు 20 శాతం తగ్గుదల కనిపించింది. చిన్న అధ్యయనమే, పోల్చి చూడటానికి మరో బృందం లేదు. అయినా అది చూపించిన సంగతి మా అత్తమ్మ ఇంట్లో, కురవి మండపంలో నేను చూసిన సంగతే. చేతికి పని, రోజుకు ఒక క్రమం, పక్కన మనిషి.

ఈ ఆచారం మనకు మాత్రమే ఉన్నది కూడా కాదు. ప్రాచీన గ్రీసులో ఎపిడారస్ అనే చోట వైద్యదేవత ఆస్క్లీపియస్ ఆలయం ఉండేది. రోగులు శుద్ధి చేసుకుని, ఆలయంలోని ప్రత్యేక మండపంలో రాత్రి పడుకునేవారు. కలలో దేవుడు వచ్చి నయం చేస్తాడని నమ్మేవారు. నయమైనవాళ్ల కథలు రాతిపలకల మీద చెక్కించారు. అవి క్రీస్తు పూర్వం నాలుగో శతాబ్దం నాటివి, ఇప్పటికీ ఉన్నాయి. రెండు వేల ఏళ్ల దూరంలో, సముద్రాల అవతల మనిషి బాధకు మనిషి వెతుక్కున్న మందు ఇదే.

అయితే ఇదే నమ్మకం నీడలో ఘోరాలూ జరిగాయి. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఏర్వాడిలో, దర్గాకు నయం కోసం వచ్చినవాళ్లను ఉంచిన ఒక ప్రైవేటు ఆశ్రయంలో నిప్పంటుకుంది. గొలుసులతో కట్టేసి ఉండటంతో పారిపోలేక 28 మంది చనిపోయారు. దేశం ఉలిక్కిపడింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మనిషిని ఏ రూపంలోనూ గొలుసులతో బంధించకూడదని నిషేధించింది. గుడైనా, దర్గా అయినా, చర్చి అయినా ఈ చట్టం వర్తిస్తుంది. భక్తి పేరుతో కొట్టడం, కట్టేయడం, పస్తులుంచడం నేరం. వైద్యం మాన్పించడం ప్రాణం మీదికి తెస్తుంది. విపశ్యన కేంద్రాలు సైతం తీవ్రమైన మానసిక రుగ్మతలున్నవాళ్లకు ఆ కోర్సు తగదని ముందే చెబుతాయి. ఆ నిజాయతీ ప్రతి ఆధ్యాత్మిక స్థలానికీ ఉండాలి.

దీనికి దారి కూడా మన దేశంలోనే ఉంది. గుజరాత్‌లో ఉనావా ఊరి మీరా దాతార్ దర్గాలో 2008లో దవా, దువా (మందు, ప్రార్థన) పేరుతో ఒక పని మొదలైంది. దర్గాకు వచ్చిన మానసిక రోగులకు అక్కడి ముజావర్లు దువా చేస్తారు. అదే ఆవరణలో మానసిక వైద్యులు చూసి మందులిస్తారు. ముజావర్లకు రోగ లక్షణాలు గుర్తుపట్టడం నేర్పారు. భక్తుడిని నమ్మకం నుంచి లాగి ఆసుపత్రికి తేవాలని చూడలేదు. ఆసుపత్రినే నమ్మకం ఉన్న చోటికి తీసుకొచ్చారు. మానుకోటలో 2022లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. వరంగల్‌లో ఎంజీఎం ఆసుపత్రి ఉంది. కురవిలో శివరాత్రికి, పాలకుర్తిలో కార్తీక సోమవారాలకు, అన్నారంలో జనం ఎక్కువగా వచ్చే రోజులకు ఒక మానసిక వైద్యుణ్ణి, ఒక కౌన్సెలర్‌ను కూర్చోబెట్టడం దేవాదాయ శాఖకూ, వైద్యశాఖకూ పెద్ద ఖర్చు కాదు. నిద్ర చేసే ఆడవాళ్లకు తలుపున్న స్నానాల గదులు, రాత్రి వెలుతురు, తాగే నీళ్లు ఏర్పాటు చేయడం కూడా వైద్యంలో భాగమే.

నేను హైదరాబాద్ తిరిగొచ్చి డాక్టరును మళ్లీ కలిశాను. నిద్ర వస్తోంది. మందు ఇంకా వాడుతున్నాను, ఆవిడ చెప్పేదాకా వాడతాను. పొద్దున లేవగానే ఇల్లు ఊడ్చే పని నేనే చేసుకుంటున్నాను. ఆదివారాలు మా అపార్ట్‌మెంటులో ఒంటరిగా ఉండే ఒక పెద్దాయనకు కూరగాయలు తెచ్చిపెడుతున్నాను. నాన్న లేని లోటు తీరలేదు, తీరదు. దాన్ని మోసే బలం మాత్రం వచ్చింది.

ఇది చదువుతున్నవాళ్లలో నాలాగే రాత్రిళ్లు మేలుకుని ఉన్నవాళ్లు తప్పకుండా ఉంటారు. వాళ్లకు చెప్పేది ఒకటే. ముందు డాక్టరును కలవండి. దగ్గర్లో ఎవరూ లేకపోతే ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. ఆ తర్వాత సెలవు పెట్టి మీ ఊరికి పొండి. మీ అత్తమ్మ దగ్గరికో, పెద్దమ్మ దగ్గరికో, మీ తాతలు మొక్కిన గుడికో, దర్గాకో. పోయేటప్పుడు మందుల చీటీ సంచిలో పెట్టుకోండి. అక్కడ పక్క చాప మీద ఎవరైనా మందులు ఆపేసి కనిపిస్తే, ఆపొద్దని చెప్పండి.